చావుకూ చప్పట్లకూ నడుమ

కొన్ని నెలల కిందట ఒక శనివారం సాయంత్రం హోసూరులో మా ఇంటికి ఒక కుర్రవాడు కథ పట్టుకొని వచ్చాడు. బాగలూరు వైపు పల్లె. సిప్కాట్‌లో ఒక చిన్న విడిభాగాల కంపెనీలో పని. తెలుగు బడిలో నేర్చుకోలేదు, వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు. "చదివి ఎట్లుండాదో చెప్పండి సార్, పత్రికకు పంపితే వేస్తారేమో" అన్నాడు. నేను బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అలంకారశాస్త్రం చదువుకోలేదు. అయినా ఈ పత్రికలో అప్పుడప్పుడు నా అభిప్రాయాలు అచ్చవుతుంటాయి గనుక నన్నూ విమర్శకుడని అనుకునేవాళ్ళు ఊళ్ళో నలుగురైదుగురు ఉన్నారు.

అతని ఎదుటే కథ చదివాను. ఒక కార్మికుడు ఇరవై ఏళ్ళుగా లేత్ మిషను మీద పనిచేస్తుంటాడు. ఒక్కోటి పాతిక ముప్ఫై కిలోలుండే ఇనుప క్యాస్టింగులను నేలమీది నుంచి ఎత్తి మిషనుకు బిగించాలి. ఒకరోజు నడుం కలుక్కుమంటుంది. డిస్కు జారిందని తేలుతుంది. బరువెత్తవద్దని డాక్టరు అంటాడు. బరువెత్తకపోతే ఉద్యోగం లేదు. అప్పులు, ఇంటి అద్దె, కూతురి చదువు. చివరి పుటలో అతను కంపెనీ గేటు ముందు కుప్పకూలి చనిపోతాడు. సైరను మోగుతుంది. కథ అయిపోతుంది.

"ఇది ఎవరి కథ?" అని అడిగాను.

"మా నాయనదే సార్."

నాకు నోట మాట రాలేదు. "అయ్యో, ఎప్పుడు జరిగింది బాబూ?"

"లేదు సార్, మా నాయన ఉండాడు. ఇప్పుడు సెకండు షిఫ్టుకు పొయ్యుండాడు."

"మరి కథలో ఎందుకు చంపావు?"

అతను కాసేపు ఆలోచించి నిజాయితీగా జవాబు చెప్పాడు: "చంపకపోతే కత యాడ ముగించేది సార్?"

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదలలేదు. తప్పు ఆ పిల్లవాడిది కాదు. అతను చదివిన కథల నుంచి నేర్చుకున్నదే అది. ఒళ్ళు చెడిన కష్టజీవిని మన సాహిత్యం ఎక్కువగా రెండు చోట్లకే తీసుకుపోతుంది. ఒకటి చావు, రెండోది చప్పట్లు. ఆ రెంటికీ నడుమ పదేళ్ళో పదిహేనేళ్ళో ఆ మనిషి ఎలా నెట్టుకొస్తాడన్నది మనకు కథగా కనిపించదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే.

1950లో పుస్తకంగా వచ్చిన శ్రీశ్రీ 'మహాప్రస్థానం' తీసుకోండి. అందులో 'ప్రతిజ్ఞ' ఉంది. కష్టజీవి చెమటకు పట్టం కట్టిన గీతం అది. అదే పుస్తకంలో 'భిక్షు వర్షీయసి' ఉంది. దారి పక్కన చెట్టు కింద చావుకు దగ్గరైన ముసలి బిచ్చగత్తె మీద రాసినది. రెండూ గొప్పవే. రెండూ ఆ కాలానికి కావలసినవే. కాని జమాఖర్చులు చూసే అలవాటున్న నాకు ఒక ప్రశ్న మిగిలిపోతుంది. మొదటి గీతంలోని మనిషి ఎన్నేళ్ళకు, ఏయే మెట్లు దిగి, ఆ చెట్టు కిందికి చేరుతాడు? ప్రారంభ నిల్వ ఉంది, ముగింపు నిల్వ ఉంది. మధ్యలో పద్దులు లేవు. మన వచన సాహిత్యం ఆ పద్దులు పూరించి ఉండవలసింది. అసలే పూరించలేదని అనను, తక్కువగా పూరించిందంటాను.

ఇక చప్పట్ల వైపు చూద్దాం. 1985లో వచ్చిన 'మయూరి' చిత్రాన్ని మనలో చాలామంది చూశారు. నిర్మాత రామోజీరావు, దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు. 1981లో తిరుచ్చి దగ్గర జరిగిన బస్సు ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న నర్తకి సుధా చంద్రన్ ఆ చిత్రంలో తన కథను తానే నటించారు. జైపూరులో డాక్టర్ సేథీ, రామచంద్ర శర్మ అనే పనివాడు కలిసి రూపొందించిన కృత్రిమ పాదంతో ఆమె మళ్ళీ గజ్జె కట్టారు. నాట్యం కళే గాని ఒళ్ళు హూనమయ్యే పని కూడా. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. చిత్రం మీద నాకున్న ఫిర్యాదు చిన్నది. చప్పట్లతో తెర పడుతుంది. ఆ మర్నాడు కూడా కాలు తొడుక్కోవాలి, మొండి ఒరుసుకుంటే మందు రాసుకోవాలి, మళ్ళీ మెట్లెక్కాలి. గెలుపు ఒక రాత్రిది, కాలు జీవితాంతానిది. పైగా చప్పట్లు కొట్టే సభ లేనివాళ్ళ మాటేమిటి? లేత్ మిషను ముందు నిలబడినవాడికి, కృష్ణగిరి చుట్టుపక్కల గ్రానైటు క్వారీల్లో డ్రిల్లు పట్టినవాడికి ప్రేక్షకులు ఉండరు.

మరి ఈ నడుమ భాగాన్ని బాగా రాసినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. హెమింగ్వే 1952లో వెలువరించిన ముసలి జాలరి నవల చాలామందికి తెలిసినదే. చేప ఎంత పెద్దదన్నది అందరికీ గుర్తుంటుంది. నాకు గుర్తుండేది అతని ఎడమ చేయి. గాలానికి పడ్డ చేప లాగుతుండగా ఆ చేయి పట్టేస్తుంది, వేళ్ళు తెరుచుకోవు. ముసలివాడు దానితో మాట్లాడతాడు, తిట్టుకుంటాడు. ఆ చేతికి సత్తువ రావాలని పచ్చి చేప కోసుకు తింటాడు. ఒక చేయి మొరాయిస్తే రెండో చేత్తో పని ఎలా గడుపుకోవాలో ఆ పుటల్లో ఉంది. అక్కడ చావూ లేదు, చప్పట్లూ లేవు.

మనకు పొరుగున చిత్తూరు జిల్లాలో పుట్టిన డాక్టర్ కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు' కూడా ఈ దారిలోనిదే. పందులు కాచే ముసలివాడు, అడవిలో ఈనిన పంది, దాన్నీ పిల్లల్నీ కాపాడుకోవడానికి అతను పడిన పాట్లు. దాన్ని మనం సాధారణంగా మనిషికీ ప్రకృతికీ పోరాటమని చదువుతాం. ఒకసారి వయసు మళ్ళిన ఒక పనివాడి ఒంటి కథగా చదివి చూడండి. ఆ ఒంట్లో మిగిలిన సత్తువను అతను ఎంత పొదుపుగా ఖర్చు చేసుకుంటాడో గమనించండి. కేశవరెడ్డి గారు నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో డాక్టరుగా పనిచేశారు. ఆ జబ్బులో నరాలు చచ్చుబడి చేతులకు నొప్పి తెలియదు. నొప్పి తెలియకనే కాల్చుకుంటారు, కోసుకుంటారు, వేళ్ళు పోగొట్టుకుంటారు. నొప్పి కూడా మనిషికి కావలిసిన సమాచారమే అన్న సంగతి అలాంటి డాక్టరుకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

అన్నిటికన్నా నాకు దగ్గరైనది కాఫ్కా 1915లో ప్రచురించిన 'మెటమార్ఫసిస్'. ఒకడు పొద్దున లేచేసరికి పురుగై ఉంటాడు. పండితులు దానికి ఎన్నో అర్థాలు చెప్పారు. బ్యాంకువాణ్ణి గనుక నాకు ముందు కనిపించింది అప్పు. తల్లిదండ్రులు యజమానికి బాకీ ఉన్నారు, అది తీరడానికి ఇంకా ఐదారేళ్ళు పడుతుంది, అందుకే ఆ ఉద్యోగం వదలలేడు. పురుగైపోయినవాడు తన ఒంటిని చూసి ఏడవడానికి ముందే ఐదు గంటల రైలు తప్పిపోయిందని కంగారు పడతాడు. ఐదేళ్ళలో ఒక్కసారీ జబ్బు సెలవు పెట్టనివాడు, ఇప్పుడు పెడితే అనుమానిస్తారని భయపడతాడు. ఏడు దాటిందో లేదో ఆఫీసునుంచి పెద్ద గుమాస్తా ఇంటికే వస్తాడు. మన కార్మికుడి భయాలకూ ఈ భయాలకూ తేడా ఎక్కడుంది?

కాఫ్కాకు ఇవన్నీ ఎలా తెలుసు? ఆయన 1908 నుంచి 1922 దాకా ప్రాగ్ నగరంలో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో అధికారి. ఏ మిషను ఏ వేళ్ళను తెగ్గొడుతుందో నివేదికలు రాయడం ఆయన పగటి పని. 1914లో రాతి క్వారీల్లో ప్రమాదాల నివారణ గురించి కూడా రాశారు. కృష్ణగిరివాళ్ళం మనం గుర్తుంచుకోదగ్గ సంగతి ఇది. 1917లో ఆయనకే క్షయ అని తేలింది. అప్పటిదాకా ఇతరుల కాగితాలు పరిశీలించినవాడు ఇక తానే సెలవు దరఖాస్తులు పెట్టుకున్నాడు. 1922లో పెన్షను తీసుకొని, రెండేళ్ళకు పోయాడు. ఫారాలు నింపే గుమాస్తా ఉద్యోగం సాహిత్యానికి శత్రువని మనవాళ్ళు అంటుంటారు. ఆ ఫారాలు ఆయనకు నడుమ భాగాన్ని చూపించాయని నాకు అనిపిస్తుంది.

అందుకే ఆ కుర్రవాణ్ణి మళ్ళీ పిలిపించి, కథ పక్కన పెట్టి, వాళ్ళ నాయన రోజు ఎలా గడుస్తుందో చెప్పమన్నాను. మొదట "చెప్పేదానికి ఏముండాది సార్" అన్నాడు. తర్వాత గంటసేపు చెప్పాడు.

పొద్దున లేచేటప్పుడు నేరుగా లేవడు. పక్కకు ఒత్తిగిలి, మోచేయి ఊని, కాళ్ళు ముందు కిందికి దించి అప్పుడు లేస్తాడు. నడుముకు బెల్టు చొక్కా లోపల కట్టుకుంటాడు, సూపర్‌వైజరు కంట పడకుండా. ఆసుపత్రిలో తీసిన స్కాను కవరు బీరువాలో బట్టల కింద ఉంటుంది. దాన్ని కంపెనీలో ఎవరికీ చూపలేదు. పక్క మిషను మీద ఒక కాంట్రాక్టు కుర్రవాడు ఉన్నాడు. క్యాస్టింగులు రెండు మిషన్లకూ అతనే ఎత్తుతాడు. బదులుగా ఈయన రెండు మిషన్లకూ టూలు సెట్ చేసి పెడతాడు, కొలతలు సరిచూస్తాడు. మిషను చప్పుడు వినే టూలు అరిగిందని చెప్పగలడట. సత్తువ అతనిది, పనితనం ఈయనది. కాగితం మీద లేని ఒప్పందం. ఆ కుర్రవాడి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుందో ఇద్దరికీ తెలియదు.

చదువరులారా, కథ ఇక్కడ ఉంది కదా! ఆ ఒప్పందం రేపు ఉంటుందా లేదా అన్న భయంకన్నా బిగువైన కథాంశం ఏముంటుంది? ఆ మనిషి ఓడిపోలేదు, గెలవలేదు. ఇవ్వాళ్టి షిఫ్టు గడిపాడు. ఇలాంటివి రాయడానికి లెక్కలు కూడా పనికొస్తాయి. బరువులెత్తే పనికి అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకటి 1991లో వేసిన సూత్రం ప్రకారం అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు కూడా ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. మన సిమెంటు మూట 50 కిలోలు. ఈ రెండు అంకెల నడుమ ఎన్ని నడుములున్నాయో చూడండి. డిస్కు జారినవాళ్ళలో చాలామందికి ఆపరేషను లేకుండానే కొన్ని వారాల్లో నెమ్మదిస్తుందని డాక్టర్లు అంటారు. అంటే జబ్బు తగ్గడానికి కావలసింది వ్యవధి. పనివాడి దగ్గర లేనిది అదే. ఈఎస్ఐ కింద మామూలు జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు కూలిలో 70 శాతం వస్తుంది. కొన్ని పెద్ద జబ్బులకు వేరే జాబితా ఉంది, వాటికి ఇంకా ఎక్కువ కాలం ఇస్తారు. తన జబ్బు ఆ జాబితాలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒకడు ఎన్ని కిటికీల ముందు నిలబడతాడన్నదీ కథే.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక మధ్యవయస్కుడు నా బల్ల ముందుకొచ్చాడు. ఇంటి మరమ్మతుకు తీసుకున్న అప్పు, నెల వాయిదా తగ్గించి గడువు పెంచమన్నాడు. నిలబడే మాట్లాడాడు. కూర్చోమంటే "కూర్చుంటే లేసేది కష్టం సార్" అన్నాడు. ఏమైందని అడిగాను. ఎడమ పిర్ర నుంచి మడమ దాకా నరం గుంజుతుందనీ, రాత్రిళ్ళు సలుపుతుందనీ, బొటనవేలు మొద్దుబారిందనీ వివరంగా చెప్పాడు. నేను విన్నాను. తర్వాత ఫారంలో కారణం అన్న గడిలో 'ఆర్థిక ఇబ్బంది' అని రెండు మాటలు రాశాను. ఫారానికి అంతే చాలు. ఆ మనిషి చెప్పినదంతా ఆ రెండు మాటల కింద పూడిపోయింది. ఈ కుర్రవాడు తన తండ్రిని కథలో చంపాడు. నేను ఒకణ్ణి గడిలో పూడ్చాను. ఇద్దరం చేసింది ఒకటే. నడుమ భాగాన్ని వదిలేశాం.

ఇంకో సంగతి. నా నడుము కూడా అంత బాగాలేదు, ముప్ఫై ఏళ్ళ కుర్చీ ఫలితం. కాని నాది ప్రభుత్వ రంగ బ్యాంకు. రేపు నేను వికలాంగుణ్ణయినా 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను ప్రకారం ప్రభుత్వ సంస్థ నన్ను తీసివేయకూడదు, హోదా తగ్గించకూడదు. చేయగల మరో పనికి అదే జీతం మీద మార్చాలి. తెలంగాణ ఆర్టీసీలో వర్ణాంధత్వం ఉందని తేలిన ఒక డ్రైవరును ఉద్యోగం నుంచి పంపేస్తే, అతను ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగాడు. చివరికి 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అతనికి సమాన జీతంతో వేరే పని ఇవ్వమన్నది. 1979లో కార్మికులూ యాజమాన్యమూ రాసుకున్న ఒక పాత ఒప్పందం అతనికి అక్కరకొచ్చింది. బస్సు నడపడమే జీవితమనుకున్నవాడికి ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియదని ఒక డాక్టరు చెప్పిన క్షణాన్ని ఊహించండి. అది తెలుగు కథ కాదా? అయితే సెక్షను 20లోని ఆ రక్షణ ప్రభుత్వ సంస్థలకే. చిన్న కంపెనీలో లేత్ తిప్పేవాడికి అది లేదు. అందుకే స్కాను కవరు బట్టల కింద ఉంది.

చివరిగా మన భాష సంగతి. ఇది మన పత్రిక ప్రత్యేకంగా పట్టించుకోవలసినది. కుర్రవాడి కథలో తండ్రి నొప్పి గురించి ఒకే మాట ఉంది, 'భరించరాని నొప్పి'. ఆరుచోట్ల అదే. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం పోటు అన్నాడు, సలుపు అన్నాడు, తీపులన్నాడు, తిమ్మిరన్నాడు, జివ్వుమంటుందన్నాడు. ఈ మాటలు కథలోకి ఎందుకు రాలేదని అడిగితే, "అవి ఇంట్లో మాటలు కదా సార్" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు తమిళంలో అడుగుతాడు. తమిళంలోనూ నొప్పికి కుత్తల్, కుడైచ్చల్ అని చక్కని మాటలున్నాయి. కాని అవి వాళ్ళ నాయనకు రావు. అందుకని అన్నిటికీ కలిపి 'వలి' అంటాడు. చీటీ మీద ఇంగ్లీషులో 'బ్యాక్ పెయిన్' అని పడుతుంది. పోటు వేరు, గుంజుడు వేరు, మొద్దుబారడం వేరు. ఏ నరం నలిగిందో డాక్టరుకు తెలియాలంటే ఆ తేడాలు తెలియాలి. రోనాల్డ్ మెల్జాక్ అనే కెనడా శాస్త్రవేత్త 1975లో నొప్పిని వర్ణించే 78 మాటలను 20 గుంపులుగా చేర్చి ఒక ప్రశ్నావళి తయారుచేశాడు. మనిషి వాడే మాట చికిత్సకు పనికొస్తుందని ఆయన నమ్మకం.

తమిళనాట 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలై 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. మన పిల్లలు తమిళం నేర్వడం మంచిదే, బతికే చోటి భాష రావాలి. కాని తెలుగు ఇంట్లోనే మిగిలితే, ఈ మాటలు ఇంటి గడప దాటవు. రాయనివాడి చేతిలో అవి ఒక తరంతో పోతాయి. అప్పుడు మనకు కనీసం ఎక్కడ నొప్పి అని చెప్పుకోడానికైనా నోరుండదు. పద్యాలూ అవధానాలూ కాపాడుకోవలసిందే. వాటితోపాటు సలుపునూ తీపునూ కూడా కాపాడుకోవాలి.

మొన్న ఆ కుర్రవాడు కథ తిరగరాసి తెచ్చాడు. గేటు ముందు చావు లేదు. షిఫ్టు దిగి ఇంటికొచ్చిన తండ్రి బెల్టు విప్పి కొక్కేనికి తగిలిస్తాడు, పక్క మిషను కుర్రవాడు రేపు వస్తాడో రాడో అని అలారం పెట్టుకుంటూ ఆలోచిస్తాడు. అక్కడ ఆగింది. ఇంకా లోపాలున్నాయి. సూపర్‌వైజరు మరీ సినిమా విలనులా ఉన్నాడు, తల్లి పాత్రకు మాటే లేదు. అవి చెప్పాను. అయినా మొదటిదానికన్నా ఇది నిజమైన కథ. ఇంట్లో చదివి వినిపిస్తే వాళ్ళ నాయన ఏమన్నాడని అడిగాను.

"ఒక మాట తప్పన్నాడు సార్. మడమలోది సలుపని రాసినాను. సలుపు కాదురా, అది గుంజుడు, మార్చు అన్నాడు."

మార్చాడు. నాకన్నా మంచి విమర్శకుడు ఆ ఇంట్లోనే ఉన్నాడు. హోసూరు, డెంకణికోట, తళి, శూలగిరి, వేపనపల్లి, కృష్ణగిరి చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో నొప్పికి ఏమేం మాటలున్నాయో, ఏ పని చేసేవాళ్ళు ఏ మాట వాడతారో ఒక కార్డు మీద రాసి పత్రికకు పంపండి. కథలు రాసేవాళ్ళకు అంతకు మించిన పెట్టుబడి లేదు.